మామ్మ మూత తీస్తేనే చుక్క పొడిచినట్టు

మా మామ్మ కూర్చునే చోటు లాక్కున్నారు. మూడు నెలలకి ఆవిడ పోయింది. పోయిన మూడో రోజున, లాక్కున్నవాళ్లే సరిగ్గా అదే చోట ఆవిడ ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. కట్టడానికి వాళ్లకి దొరికిన ఆధారం, ఆవిడని అక్కణ్ణుంచి లేపిన స్టీలు రెయిలింగే. ఆ రెయిలింగ్ వెల్డింగ్ చేసింది నేను. నా సంగతి ముందే చెప్పేస్తే తర్వాత రాసేది మీకు నమ్మబుద్ధేస్తుందని ఇక్కడే చెబుతున్నాను.

మామ్మ అంటే నా సొంత మామ్మ కాదు. రాజమండ్రిలో గోదావరి గట్టుకి రెండు వీధులు ఇవతల, మా శివాలయం ప్రహరీ పక్కన నలభై ఏళ్లకి పైగా పొట్టిక్కలు అమ్మిన మనిషి. వీధి మొత్తానికి మామ్మే. పొట్టిక్క తెలియని ఊళ్లవాళ్లు కూడా ఇది చదవొచ్చు కాబట్టి ఒక మాట. నాలుగు పనసాకులు కలిపి చిన్న బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్క. పిండి అదే, ఆవిరి అదే. ఆకు వాసన పట్టాక మాత్రం దాన్ని ఇడ్లీ అంటే మామ్మకి కోపం వచ్చేది.

ఒక్క అబద్ధం మాత్రం రాయను. రెయిలింగ్ వల్ల ఆవిడ చనిపోలేదు. వయసు ఎనభైకి దగ్గర పడింది, గుండె బాగాలేదు, దసరా వెళ్లిన వారానికి నిద్రలోనే పోయింది. మనిషి పోవడం ఎవరి తప్పూ కాదు. పోయేముందు మూడు నెలలు ఆవిడ ఎక్కడ కూర్చుంది, ఏం చూస్తూ కూర్చుంది అన్నది మాత్రం మన తప్పు. నాది కూడా.

ఆవిడ చేతులు గుర్తొస్తున్నాయి. ఆకులు తొడిమలు బయటికి ఉండేలా పేర్చి, అంచులు పైకి మడిచి, కొబ్బరి ఈనె ముక్కలు గుచ్చేది. కళ్లు ఆకుల మీద ఉండేవి కావు. వీధి మీద ఉండేవి. బడికి ఎవరు ఆలస్యంగా వెళుతున్నారు, గుడిలోంచి ఎవరు ముక్కు తుడుచుకుంటూ వస్తున్నారు, ఎవరింట్లో చుట్టాలు దిగారు, అన్నీ చూస్తూనే బుట్ట పూర్తయ్యేది. పదో తరగతి తప్పాక పని దొరక్క నేను ఆ ప్రహరీకి ఆనుకుని కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆకులు నా ముందు పడేసింది.

"ఊరికే కూర్చుంటే గోడ అరుగుద్ది. కుట్టు."

నేను కుట్టిన బుట్టలో పిండి పోస్తే కింద నుంచి కారింది. ఆకు చిన్నదని వంక పెట్టాను.

"ఆకు బానే ఉంది. పిండి నిలబడేది ఆకుతో కాదురా, పుల్లతో. పైకి కనపడేది అందరూ సరిగ్గానే పెడతారు."

తర్వాత పక్క షాపు మేస్త్రి చేతులు చూసి, ఫోన్లో వీడియోలు చూసి వెల్డింగ్ నేర్చుకున్నాను. నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ ఒక్క మాట తప్ప. ఇప్పటికీ గేటు పని అయ్యాక అందరూ పాలిష్ చూస్తారు. నేను మాత్రం వంగి అడుగున వెల్డింగ్ కుట్టు చూస్తాను.

నేను సొంతంగా చేసిన మొదటి పని కూడా ఆవిడదే. పొట్టిక్కలు ఉడికించే గుండిగ స్టీలుది, దాని మూతకి పిడి ఊడిపోయింది. ఆవిడ గుడ్డముక్క చుట్టుకుని అంచు పట్టి తీసేది. వేళ్లు రోజూ కాలేవి. మూత పట్టుకెళ్లి, కడ్డీ వంచి పిడిలా అతికించి తెచ్చాను. కుట్టు వంకరగా వచ్చింది. సిగ్గుపడి, మళ్లీ చేసి తెస్తానన్నాను.

"వంకరైతే ఏంటి? నా వేళ్లు మాత్రం తిన్నగా ఉన్నాయా? రెండుకి రెండూ సరిపోయాయి," అంది.

ఆ మూత గురించి చెప్పాలంటే కార్తీకమాసం గురించి చెప్పాలి.

మిగతా రోజుల్లో మామ్మ ఉదయం అమ్మేది. పనులకి వెళ్లేవాళ్లు, గట్టు మీద నడిచి వచ్చేవాళ్లు చుట్టూ మూగేవారు. ఆవిడ దగ్గర వరస ఉండేది కాదు. "దేవుడి కోసమైతే వరస కట్టండి. ఇక్కడ మీద పడండి," అనేది. కార్తీక సోమవారాలు మాత్రం పొద్దున్న గుండిగ ఎక్కేది కాదు. ఉపవాసం ఉన్నవాళ్ల ముందు ఆవిరి లేపకూడదని ఆవిడ పట్టింపు. తనూ ఉపవాసమే. సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగించేది. ఉల్లి వెయ్యని అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి. సందె వేళకి పంతులు గారు ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎక్కించేవారు. దీపాలు పెట్టుకున్న ఆడవాళ్లు, షాపులు కట్టేసిన మగవాళ్లు, కాలేజీ పిల్లలు వచ్చి మామ్మ చుట్టూ నిలబడేవారు. ఎవరూ పైకి చూసేవారు కాదు. మామ్మనే చూసేవారు.

ఎందుకంటే ఆ ఆరడుగుల చోటులో కూర్చుంటేనే రెండు మేడల మధ్య నుంచి వీధి చివర దాకా ఆకాశం కనిపిస్తుంది. మామ్మ కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, మెడ కొంచెం పక్కకి వంచి చూసేది. చుక్క కనపడగానే గరిటెతో మూత మీద రెండుసార్లు కొట్టేది. "ఆయ్, పొడిచింది," అని మూత తీసేది. ఆవిరి పైకి లేచేది. అప్పుడే వీధి ఉపవాసం విడిచేది. ఇళ్లలో అన్నం వండుకున్నవాళ్లు కూడా ఆ గరిటె చప్పుడు వినే కంచం ముందు కూర్చునేవారు.

మొదటి బుట్ట అమ్మేది కాదు. "ఎవరికిరా ఇది మొదటి ఉపవాసం?" అని అడిగేది. జీవితంలో మొదటిసారి రోజంతా ఆకలి ఓర్చుకున్నవాళ్లు చెయ్యెత్తాలి. వాళ్లకి ఆ బుట్ట. ఎక్కువగా ఎనిమిదో తొమ్మిదో చదివే ఆడపిల్లలు, నీరసంతో నవ్వుతూ చెయ్యెత్తేవారు. ఒకతను మాత్రం కుర్రతనంలో మూడేళ్లు వరసగా చెయ్యెత్తాడట. మూడో ఏడు మామ్మ బుట్ట అతని చేతిలో పెడుతూ, "నీకు ఎన్ని మొదళ్లురా? అరటి పిలకవా?" అందట. వీధంతా నవ్విందట. ఈ కథ ఆవిడ ఏటా చెప్పేది. అతని పేరు మాత్రం చెప్పేది కాదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు. ఆ పెద్దమనిషి ఇప్పుడు మా ఆలయ కమిటీ ప్రెసిడెంటు గారు.

నాలుగైదేళ్ల కింద అనుకుంటాను, ఒక కార్తీక సోమవారం సాయంత్రం మబ్బు పట్టింది. చుక్క జాడ లేదు. జనం నిలబడి నిలబడి గుడి మెట్ల మీద కూలబడ్డారు. మామ్మ వంచిన మెడ తిప్పలేదు. ఉన్నట్టుండి గరిటె మోగింది. "ఆయ్, పొడిచింది." మూత తీసింది. మేమంతా పడి తిన్నాం. సగం తిన్నాక ఒక పిల్ల వీధి చివరికి చూపించి, "మామ్మా, మీ చుక్క నడుస్తోంది," అంది.

మధురపూడి ఎయిర్‌పోర్టుకి దిగుతున్న విమానం అది.

నోట్లో ముద్దతో అందరం ఆగిపోయాం. ఒకావిడ, "కొంప ముంచావు కదే మామ్మా, పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు నేను," అంది. మామ్మ విమానాన్నే చూస్తూ, "దానికీ ఆకలేసుంటుంది, ఇంటికి పోతోంది," అంది. ఎవరో పంతులు గారి దగ్గరికి పరిగెత్తి ఉపవాసం చెడిందా అండి అని అడిగారు. ఆయన గుడి గుమ్మంలో నిలబడి మూతి తుడుచుకుంటూ, "నేనూ గరిటె చప్పుడు విని అరటిపండు తినేశానమ్మా, నన్నడగకండి," అన్నారు.

నవ్వుకుని ఇళ్లకి పోయాం. మర్నాడు మంగళవారం పొద్దున్న పొట్టిక్కల కోసం వెళితే పొయ్యి వెలగలేదు. మామ్మ ఆ చోటులోనే ఖాళీ గుండిగ పక్కన కూర్చుని ఉంది.

"ఒంట్లో బాలేదా మామ్మా?"

"బానే ఉంది. నిన్న మీ అందరిదీ నేను చెడగొట్టాను కదా. ఇవాళ మీ బదులు నేనుంటున్నాను."

"అందరి బదులూ నువ్వొక్కదానివేనా? ఊరుకో మామ్మా."

"చూసింది నేనొక్కదాన్నే కదరా. మీరెవరూ పైకి చూడలేదు, నన్ను చూసి తిన్నారు."

సాయంత్రం దాకా మంచినీళ్లు తాగలేదు. ఆ రోజు మబ్బు లేదు. ఒక చుక్క వస్తే నమ్మలేదు, రెండోది వచ్చినా నమ్మలేదు. మూడు కనపడ్డాక, మూడూ కదలడం లేదని చూసుకున్నాక లేచింది. చేసిన పొరపాటు దిద్దుకోవడం అంటే ఏంటో నేను చూసింది ఆ ఒక్కరోజే. పుస్తకాల్లో చదివాను, మీటింగుల్లో విన్నాను. చూసింది మాత్రం అక్కడే.

ఇప్పుడు నా పొరపాటు దగ్గరికి వస్తాను.

పుష్కరాలకి జనం వస్తారని గుడికి పనులు మొదలుపెట్టారు. గ్రానైట్ వేశారు, రంగులు వేశారు. క్యూ కోసం బయట ప్రహరీ వెంట స్టీలు రెయిలింగ్ అన్నారు. కాంట్రాక్టరు నాకు పని ఇచ్చాడు. డ్రాయింగ్‌లో గీత గేటు దగ్గర మొదలై గోడ చివర దాకా ఉంది. టేపు పట్టుకుని కొలుస్తూ వెళ్లాను. మామ్మ ఆకులు కుడుతూ కూర్చుంది. టేపు అడ్డం రాకుండా కాళ్లు పైకి తీసుకుంది.

"ఎంతొచ్చిందిరా?"

"ముప్పై రెండు అడుగులు మామ్మా."

"నేను కూర్చున్నదాంతో కలిపేనా?"

"కలిపే."

మామ్మ చేతిలో ఆకులు పక్కన పెట్టింది. టేపు చివర వదులుగా ఉందని తనే వేలితో గోడకి అదిమి పట్టింది. "సరిగ్గా కొలు మరి. తేడా వస్తే నిన్నంటారు," అంది.

అప్పుడు నేను టేపు చుట్టేసి, ఈ ఆరడుగులు ఎందుకండి, ఇటు క్యూ రాదు కదా అని ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు. డ్రాయింగ్ ఇచ్చారు, చేశాను. ఆవిడకి వేరే చోటు చూపిస్తామని కమిటీవాళ్లు అన్నారు, అదే చాలనుకున్నాను. పని జరిగిన రోజు మంట రవ్వలు ఆవిడ మీద పడకుండా అడ్డం రేకు పెట్టాను. మహా జాగ్రత్త. మధ్యాహ్నం నా చేతిలో రెండు పొట్టిక్కలు పెట్టి, వంగి నా కుట్టు చూసింది. "తిన్నగా వచ్చిందిరా," అంది. ఇన్నేళ్లలో ఆవిడ మెచ్చుకున్న నా పని అదొక్కటే. ఆ మెప్పు నాకు ఇప్పటికీ అరగలేదు.

చూపించిన వేరే చోటు గుడి వెనక సందు. అటూ ఇటూ అపార్టుమెంట్లు, మధ్యలో మురుగు కాలవ. కొన్ని రోజులు పాతవాళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. తర్వాత వీధి మొదట్లో పునుగుల బండి దగ్గర ఆగిపోయారు. వాళ్లని తప్పు పట్టను. పొద్దున్నే పనికి పోయేవాడు మురుగు కాలవ దాటి వెళ్లి తినడు. మామ్మ కోడలు పక్కన కూర్చుని ఆకులు కుట్టేది. కొడుకు లారీ మీద ఉంటాడు, రావులపాలెంలో అరటి గెలలు ఎక్కించుకుని బయల్దేరితే వారం దాకా రాడు. సందులో ఆ ఇద్దరే.

దసరా ముందు ఒకరోజు వెళ్లాను. అమ్ముడవని బుట్టలు గిన్నెలో పేర్చి ఉన్నాయి.

"ఎలా ఉంది మామ్మా ఇక్కడ?"

"నీడగా ఉంది. వాన పడదు. చోటు బానే ఇచ్చారు," అని మెడ ఎత్తి పైకి చూసింది. పైన బాల్కనీలు, ఆరేసిన బట్టలు, వైర్లు. "ఆకాశమే ఇవ్వలేదు."

నేను గిన్నెలోంచి ఒక బుట్ట తీసుకున్నాను.

"కార్తీకం వచ్చేస్తోంది. ఏం చూసి మూత తీయాలిరా?"

కోడలు తలెత్తకుండా, "ఫోన్లో టైం వస్తుందంట కదత్తయ్యా, అది చూసి తీద్దాం," అంది.

"ఫోన్లో టైముకి తీసేదైతే వాళ్లు నా దగ్గరికి ఎందుకే? వాళ్ల దగ్గరా ఉన్నాయిగా ఫోన్లు."

ఆవిడ నన్ను అడిగిన చివరి మాట అదే. ఏం చూసి తీయాలి అని. కార్తీకం రాకముందే పోయింది.

ఇక ఫ్లెక్సీ. కమిటీ సభ్యుల ఫొటోలు ఎనిమిది, చేతులు జోడించి. మధ్యలో ప్రెసిడెంటు గారిది పెద్దది. కింద మూలన మామ్మ, ఆధార్ కార్డులోంచి తీసిన ఫొటో. ఆవిడ జన్మలో అంత భయంగా ఎవరినీ చూడలేదు, ఆ కెమెరాని తప్ప. "మా ఆలయ కుటుంబ సభ్యురాలికి కన్నీటి నివాళి" అని రాశారు. మండపంలో సంతాప సభ పెట్టారు. అందరూ మాట్లాడాక నేను లేచి, ఆ చోటు సంగతి ఏంటండి అని అడిగాను. ప్రెసిడెంటు గారు నొచ్చుకున్నారు.

"సందర్భం చూసుకోవాలి కదా బాబూ. పెద్దావిడ పోయిందని కూర్చున్నాం."

"ఉన్నప్పుడు కూర్చోనివ్వలేదు కదండి."

"అదిగో, అలా మాట్లాడకూడదు. పుష్కరాలకి జనం ఎలా వస్తారో నీకు తెలుసు. తొక్కిసలాటై ఎవరికైనా ఏమైనా అయితే ఎవరు చెప్పాలి జవాబు? నువ్వా, నేనా?"

ఆ మాట నిజమే. గేటు దగ్గర రెయిలింగ్ ఉండాలి. నేను కాదనలేదు. "గేటు నుంచి ఇరవయ్యారు అడుగులు ఉండాలండి. చివరి ఆరడుగుల్లో క్యూ నడవదు, ఎదురుగా గోడే ఉంది. అక్కడ నడిచేది మీ ఫ్లెక్సీ ఒక్కటే," అన్నాను. వెనక ఎవరో నవ్వారు. పంతులు గారు మాత్రం నవ్వలేదు. "అబ్బాయి చెప్పింది కొలత ప్రకారం నిజమేనండి," అన్నారు.

ప్రెసిడెంటు గారు లేచి కండువా సర్దుకున్నారు. "సరే. నోటి మాటలు వద్దు. రాసివ్వు, కమిటీలో పెట్టి చూద్దాం."

రాసిమ్మన్నారు, రాశాను. మీరు చదువుతున్నది అదే. అర్జీలా రాద్దామని మొదలుపెట్టాను. కానీ ఆవిడ ఎవరో చెప్పకుండా ఆరడుగులు అడిగితే అది ఆరడుగుల స్టీలు లెక్కే అవుతుంది. అందుకే ఇంత పొడుగైంది.

అడిగేది ఇది. ప్రహరీ వెంట రెయిలింగ్‌లో చివరి ఆరడుగులు తీసెయ్యాలి. ఆ చోటులో మామ్మ కోడలు కూర్చోవాలి. ఆవిడకి పని వచ్చు. పదహారేళ్లుగా అత్తగారి పక్కన కుట్టిన చేతులవి. కోత నేనే కోస్తాను, అంచులు నేనే మూస్తాను, గ్రానైట్ మీద గీత పడనివ్వను. నా పని నేను విప్పుకోవడానికి కూలి తీసుకోను. చీకట్లో వచ్చి దొంగతనంగా మాత్రం కోయను. ఆవిడ అక్కడ నలభై ఏళ్లు పట్టపగలు అందరి ముందు కూర్చుంది. ఆ చోటు తిరిగి వచ్చేదీ అలాగే రావాలి.

ప్రెసిడెంటు గారూ, కమిటీలో ఈ సంగతి వచ్చినప్పుడు చెయ్యెత్తేవాళ్లు ఎవరని అడుగుతారు. మూడేళ్లు వరసగా ఆవిడ ముందు చెయ్యెత్తి మొదటి బుట్ట తిన్నారు మీరు. ఆవిడకి తెలిసే పెట్టింది. నాలుగోసారి ఎత్తండి. ఈసారి నిజంగానే మొదటిసారి అవుతుంది.

జవాబు కాగితం మీద కావాలి. ఆ ఫ్లెక్సీ తీసేసి, అదే చోట అంటించండి. గడువు కార్తీకం మొదటి సోమవారం, చుక్క పొడిచే వరకు. పంచాంగంలో టైము నాకు అక్కర్లేదు. ఆ సాయంత్రం మామ్మ కోడలు గుండిగ నింపుకుని వచ్చి రెయిలింగ్ ఇవతల నిలబడుతుంది. ఆవిడ పక్కన నేనుంటాను, స్టీలు కోసే గ్రైండరు నా సంచిలో ఉంటుంది. మూత ప్రస్తుతం మా షాపులో ఉంది. మామ్మ పోయిన మర్నాడు కోడలు తెచ్చి, పిడి ఒకసారి చూడు అని ఇచ్చింది. చూశాను. వంకర కుట్టు, గట్టిగానే ఉంది. దాని మీద గరిటె దెబ్బలకి రెండు సొట్టలు పడ్డాయి, పక్కపక్కనే, నలుసంత తేడా లేకుండా. వాటిని సరిచెయ్యలేదు.